పల్లంలో పడిన బడి

పాలకొల్లు నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా, నరసాపురం వైపైనా, ఆచంట వైపైనా, దొడ్డిపట్ల వైపైనా, రోడ్డు పక్కన ఒక సర్కారు బడి తప్పకుండా కనబడుతుంది. ఈసారి అటు వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. రోడ్డు ఎత్తులో ఉందా, బడి ఎత్తులో ఉందా? చాలా చోట్ల రోడ్డే ఎత్తు. కట్టినప్పుడు అలా లేదు. ఆ తర్వాత రోడ్డు మీద ఏళ్ల తరబడి పొర మీద పొర పడింది. చుట్టుపక్కల వాళ్లు కొత్త ఇళ్లు కట్టుకుంటూ మట్టి తోలించుకుని ఎవరికి వారు స్థలాలు మెరక చేసుకున్నారు. చేలు చేపల చెరువులై, వాటికి గట్లు లేచాయి. బడి మాత్రం కట్టిననాడు ఎక్కడుందో అక్కడే ఉండి, తన తప్పేమీ లేకుండా పల్లంలో పడిపోయింది.

జులైలో ఒక పూట గట్టిగా వాన పడితే వీధి నీళ్లన్నీ బడి ఆవరణలోకి దిగుతాయి. దిగిన నీళ్లు బయటికి పోవు, ఎందుకంటే ఊరి మురుగు కాలవ బడి నేలకన్నా ఎత్తున పారుతూ ఉంటుంది. ప్రార్థన వరండాలోకి వస్తుంది. ఆటల పీరియడ్ ఆగిపోతుంది. మధ్యాహ్నం పిల్లలు కంచాలు పట్టుకుని వరండాలో గోడకానుకుని నిలబడి తింటారు. ఆ భోజనానికిప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి అవతల లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి, విస్తరి వేసి అన్నం పెట్టిన మహాతల్లి ఆమె. ఆ పేరున్న భోజనం పిల్లలు పొడినేల మీద కూర్చుని తినాలని కోరుకోవడం పెద్ద కోరికేమీ కాదు.

ఈ కాసేపట్లో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బడి భవనం దెబ్బతింటే నష్టం ముందుగా పడేది గోడ మీదా కాదు, పద్దు మీదా కాదు, పాఠం మీద. వాన కురిసిన రోజు బెంచీలు ఇటు జరపడం, అటు జరపడం, పుస్తకాల పెట్టె ఎత్తిపెట్టడం, రెండు తరగతులను ఒక గదిలో సర్దడం. దీనికంతటికీ రోజుకు ఇరవై నిమిషాలే పోతాయనుకుందాం. వానాకాలంలో డెబ్భై పనిదినాలకు లెక్క కట్టండి, ఇరవై మూడు గంటలు దాటుతుంది. అంటే దాదాపు నాలుగు పూర్తి బడిరోజులు. ఆ నాలుగు రోజులూ హాజరు పట్టీలో పిల్లవాడు వచ్చినట్టే ఉంటుంది, పంతులుగారు వచ్చినట్టే ఉంటుంది. పాఠం ఒక్కటే జరగలేదు. అది ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

లంక గ్రామం బడిలో పనిచేసే ఒక టీచరమ్మ నాతో అన్న మాట ఇది: "వాన మొదలైందంటే మాస్టారూ, నా కళ్లు పుస్తకం మీద ఉండవండి, పైకప్పు మీదే ఉంటాయండి. ఏ పిల్లాడి నెత్తిన పెచ్చు ఊడిపడుతుందోనని." పాఠం చెబుతూ సగం మనసు పైకప్పుకు అప్పగించిన మనిషి ఆమె. ఆ సగం మనసు పిల్లలకు దక్కాల్సింది.

పెచ్చులు ఎందుకు ఊడుతున్నాయో, గోడలు ఎందుకు బీటలు వారుతున్నాయో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది మన డెల్టాకు ప్రత్యేకమైన సంగతి. మన కింద ఉన్నది బంకనేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఏటా ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు. మరమ్మతులు చేసుకుంటారు, మళ్లీ జూన్‌లో నీళ్లు వదులుతారు. ఈ మధ్యలో నేల ఎండిపోయి, చెయ్యి దూరేటంత నెరియలు విచ్చుతుంది. నీళ్లు రాగానే మళ్లీ ఉబ్బుతుంది. లోతులేని పునాది మీద కట్టిన గోడను ఈ నేల ప్రతి ఏడాదీ ఒకసారి కిందికి లాగి, ఒకసారి పైకి ఎత్తుతుంది. ఆ ఎత్తడం దించడం అంతటా ఒకే తీరుగా ఉండదు. కాలవ వైపు ఒకలా, రోడ్డు వైపు ఇంకోలా ఉంటుంది. అందుకే కిటికీ మూల నుంచి ఐమూలగా బీట పడుతుంది. వేసవిలో ఆ బీట పెద్దదవుతుంది, వానల్లో చిన్నదవుతుంది. చిన్నదైందని ఊరుకుంటాం. ఇలాంటి నేలలో పైల్స్ దింపి, వాటి తలల మీద బీము వేసి గోడ కట్టాలని ఇంజనీర్లకు తెలియక కాదు. అయితే ఖర్చు ఎక్కువ. రాష్ట్రమంతటికీ ఒకే నమూనా, ఒకే అంచనా వేసినప్పుడు రాయలసీమ గట్టినేలా మన బంకనేలా కాగితం మీద ఒకటైపోతాయి.

శ్లాబు సంగతి వేరు. సముద్రం మనకు దగ్గర. గాలిలో ఉప్పు ఉంటుంది, భూగర్భ జలంలోనూ చాలా చోట్ల ఉప్పే. కట్టేటప్పుడు ఉప్పునీళ్లు కలిపినా, ఉప్పు ఇసుక వాడినా, తర్వాత పైనుంచి వాననీళ్లు ఇంకినా లోపలి ఇనుప ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము రెండింతలకు మించి ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి తోసేస్తుంది. మనం పెచ్చు అనేది ఆ తోసేసిన ముక్కనే. దాని మీద సిమెంటు పూసి సున్నం కొడితే ఒక ఏడాది కనబడదు. లోపల తుప్పు ఆగదు. ఊచకు పట్టిన తుప్పు గీకి, మందు పూసి, అప్పుడు మూయాలి. అంతకన్నా ముందు, శ్లాబు పైన నీళ్లు నిలవకుండా చూడాలి. కొబ్బరి చెట్ల కింద ఉన్న బడి మీద రాలిన మట్టలూ పిందెలూ తూము నోటికి అడ్డం పడి, శ్లాబు మీద జానెడు నీళ్లు వారాల తరబడి నిలిచి ఉండటం నేను చాలా చోట్ల చూశాను. దాన్ని తీసేయడానికి ఒక మనిషి, ఒక నిచ్చెన, ఒక పూట చాలు.

మన పెద్దలు తాటాకు ఇళ్లలో ఉన్న రోజుల్లో వానలు రాకముందే ఇల్లు నేయించుకునేవారు. పెంకుటిల్లయితే ఎండాకాలంలో పెంకు సర్దించేవారు. ఎంత పేదింట్లోనైనా ఆ ఖర్చు ఉండేది, ఆ నెల ఉండేది. శ్లాబు వచ్చాక ఆ నెల పోయింది. ఒకసారి పోస్తే నూరేళ్లు అన్న నమ్మకం వచ్చింది. బడుల విషయంలో ఆ నమ్మకం మనకు చాలా చేటు చేసింది.

ఇక ఎండ. జూన్ 12న బడులు తెరిచేనాటికి మన దగ్గర ఎండ తగ్గదు, దానికి తోడు ఉక్క. పెంకు కప్పు కింద, లోతైన వరండా ఉన్న పాత బడిలో ఒకలా ఉంటుంది. ఎత్తు తక్కువ శ్లాబు కింద, నలభై మంది పిల్లలున్న గదిలో మధ్యాహ్నం రెండింటికి ఇంకోలా ఉంటుంది. అమెరికాలో జిసుంగ్ పార్క్, ఆయన సహచరులు లక్షల మంది విద్యార్థుల మార్కులు తీసుకుని చూశారు. ఏసీ లేని బడుల్లో ఆ ఏడాది బడిరోజుల సగటు వేడి ఒక్క ఫారెన్‌హీట్ డిగ్రీ పెరిగితే, ఆ ఏడాది నేర్చుకున్నదానిలో నూటికి ఒక వంతు తగ్గిందని తేల్చారు. మన బడులకు ఏసీలు అడగడం లేదు. శ్లాబు మీద తెల్ల సున్నం, పనిచేసే ఫ్యాను, గాలి ఎదురెదురుగా ఆడే కిటికీలు, పడమటి వైపు రెండు చెట్లు చాలు.

చప్పుడు గురించి ఎవరూ మాట్లాడరు. రేకుల కప్పు మీద వాన పడుతున్నప్పుడు పాఠం చెప్పి చూసినవాళ్లకు తెలుస్తుంది. గొంతు చించుకున్నా రెండో వరుస దాటదు. మెయిన్‌రోడ్డు పక్క బడుల్లో లారీల హారన్లు. గదులు చాలక మధ్యలో తడిక కట్టి రెండు తరగతులు నడిపే చోట అటువైపు ఎక్కాలు, ఇటువైపు పద్యాలు.

న్యూయార్క్‌లో 1970లలో ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక బడిని పరిశీలించారు. ఆ బడికి ఒక పక్క ఎత్తైన వంతెన మీద రైలు పట్టాలు ఉన్నాయి. నాలుగైదు నిమిషాలకొక రైలు పోయేది. ఆ పక్క గదుల్లో టీచరు మాట ఆగి, రైలు పోయాక మళ్లీ మొదలయ్యేది. అదే బడిలో రెండో పక్క గదులు ప్రశాంతం. రెండు పక్కల పిల్లల చదివే సామర్థ్యపు మార్కులు పోల్చి చూస్తే, ఆరో తరగతికి వచ్చేసరికి రైలు పక్క పిల్లలు దాదాపు ఏడాది చదువు వెనకబడి ఉన్నారు. ఒకే ఊరు, ఒకే బడి, ఒకే పుస్తకాలు. తేడా గోడ అవతల ఉన్న చప్పుడే. ఆమె అంతటితో ఊరుకోలేదు. అధికారుల వెంటపడ్డారు. రైలు సంస్థవాళ్లు పట్టాల కింద రబ్బరు దిండ్లు వేశారు, విద్యాశాఖవాళ్లు ఆ గదుల పైకప్పులకు చప్పుడు పీల్చే పలకలు బిగించారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ కొలిస్తే రెండు పక్కల పిల్లల మధ్యా తేడా లేదు. నాకు ఈ ఉదంతంలో బాగా నచ్చేది ఆ రెండో కొలతే. వెనకబడ్డ పిల్లలని మనం ముద్ర వేసేవాళ్లలో ఎందరు నిజంగా వెనకబడ్డవాళ్లో, ఎందరు ఆ గదిలో కూర్చున్నందుకు వెనకబడ్డవాళ్లో మరమ్మతు చేసి చూస్తే తప్ప తెలియదు.

టీచర్ల గొంతు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోజుకు ఆరు గంటలు చప్పుడుకు పైన మాట్లాడే మనిషికి గొంతు బొంగురు పోవడం జలుబు లాంటి చిన్న ఇబ్బంది కాదు, వృత్తి తెచ్చిపెట్టిన జబ్బు. సెలవు పెడితే పాఠం పోతుంది, పెట్టకపోతే గొంతు పోతుంది. వాషింగ్టన్ నగరంలో జాక్ బక్లీ, మార్క్ ష్నైడర్ బృందం అక్కడి ఉపాధ్యాయులను అడిగి చూస్తే, బడి భవనం బాగోలేదన్నవాళ్లు ఆ బడి విడిచిపోవాలనుకోవడం ఎక్కువగా కనబడింది. మన దగ్గర బదిలీల కౌన్సెలింగ్ జరిగే రోజు చూడండి. పడవెక్కి వెళ్లాల్సిన లంక బడిని, మరుగుదొడ్డి లేని బడిని ఎవరు ముందు కోరుకుంటారు? చివరికి పేరు మిగిలినవాళ్లు వెళతారు. అవకాశం రాగానే తిరిగి వచ్చేస్తారు. పిల్లలు ప్రతి రెండేళ్లకూ కొత్త మాస్టారి మొహం చూస్తారు.

మరుగుదొడ్డి దగ్గర ఇంకొంచెం ఆగుతాను. నీళ్లు రాని దొడ్డి ఉన్న బడిలో ఆడపిల్లలు పొద్దున్నుంచి మంచినీళ్లు తాగరు. తాగితే వెళ్లాల్సి వస్తుందని. జూన్ ఉక్కలో, మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చున్న పిల్లకు తలనొప్పి రాక ఏమవుతుంది? టీచరమ్మలదీ అదే అవస్థ, పైకి చెప్పుకోరు. పెద్దమనిషైన పిల్ల నెలలో కొన్ని రోజులు బడి మానేసే కారణమూ ఇదే. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అంజలి అడూకియా మన దేశంలో 2000 తర్వాత బడుల్లో కట్టిన మరుగుదొడ్ల మీద పరిశోధన చేశారు. దొడ్లు కట్టిన చోట పిల్లల నమోదు పెరిగింది. చిన్నపిల్లలకు ఏ దొడ్డి ఉన్నా సరిపోయింది. పెద్దపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్లలకు విడిగా ఉన్నచోటే ఆ మేలు గట్టిగా కనబడింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ విడి దొడ్డిని, ప్రతి టీచరుకూ కనీసం ఒక గదిని, మంచినీటిని, ప్రహరీని బడికి ఉండి తీరాల్సినవిగా రాసింది. అది దయ కాదు, చట్టం.

ఈ నేలకు బడి మీద మమకారం కొత్తది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, డెల్టాలో పంట నిలిచి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న కాలంలో ఇక్కడ సబ్ కలెక్టరుగా జి.ఎన్. టేలర్ ఉండేవారు. ఆయన నరసాపురంలోను, పాలకొల్లుతో సహా చుట్టుపక్కల ఊళ్లలోను బళ్లు పెట్టించారు. అవి చూసి పల్లెల రైతులు మా ఊళ్లకూ కావాలని అడిగారు. అడిగి ఊరుకోలేదు. శిస్తుతో పాటు బడి ఖర్చుకు కొంత అదనంగా మేమే కడతామని ముందుకొచ్చారు. తన మీద తాను పన్ను వేసుకుని పిల్లలకు బడి పెట్టించుకున్న రైతు మన తాతముత్తాతల్లో ఉన్నాడు. నరసాపురంలో టేలర్ పేరుతో ఉన్న హైస్కూలు ఇప్పటికీ నడుస్తోంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చి, అన్ని కాలాల్లో వాడుకోదగ్గ రెండు గదులు, ఒక లోతైన వరండా ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఉండాలంది. ఇవాళ మన ఊళ్లలో కనబడే పాత శ్లాబు గదులు చాలా వరకు ఆ తర్వాతి పదిహేనేళ్లలో వచ్చినవే. 2019 నవంబరు 14న ఒంగోలులో బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది. తొలి విడతలో 15,715 బడులు తీసుకున్నారు. రూ.3,669 కోట్లు ఖర్చని లెక్క చెప్పారు. 2021 ఆగస్టు 16న మనకు దగ్గరలోనే, పి.గన్నవరంలో వాటిని ప్రజలకు అంకితం చేశారు. ఆ పనిలో నాకు నచ్చింది డబ్బు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా ఖర్చు కావడం. ఏ తల్లీ తన పిల్ల కూర్చునే గదికి నాసి సిమెంటు కొనదు. నీళ్లు వచ్చే దొడ్లు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, బెంచీలు వచ్చాయి. నేల మీద కూర్చుని చదివిన పిల్లవాడు బల్ల మీద కూర్చున్న మొదటి రోజు నడక ఎలా మారుతుందో చూసినవాడిని, దాన్ని చిన్నదిగా మాట్లాడలేను. రెండో విడతలో మాత్రం అదనపు గదులు చాలా చోట్ల పునాదుల దగ్గరో పిల్లర్ల దగ్గరో ఆగిపోయాయి. అదే కాలంలో, 2022లో వచ్చిన 117వ జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్లకు తరలించారు. పిల్లలు వచ్చారు, గదులు రాలేదు. తర్వాత ఆ జీవో పోయింది. పథకం పేరూ మారింది. ఆకాశం వైపు ఊచలు చాచి తుప్పు పడుతున్న పిల్లర్లకు పేరుతో పనిలేదు.

కట్టించడానికి కోట్లు దొరికాయి. చూసుకోవడానికి వేలు దొరకడం లేదు. సమగ్ర శిక్ష కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. ముప్ఫై మంది లోపు ఉంటే రూ.10,000. వంద లోపు రూ.25,000. రెండు వందల యాభై లోపు రూ.50,000. సుద్దముక్క నుంచి కరెంటు బిల్లు దాకా అందులోనే. ఇరవై ఐదు మంది పిల్లలున్న లంక బడికి పదివేలు. కానీ దాని శ్లాబు విస్తీర్ణం పిల్లలు తగ్గారని తగ్గదు. వాన తలలు లెక్కపెట్టి కురవదు. గ్రాంటు లెక్కలో భవనం వయసు, కింద నేల, సముద్రం ఎంత దూరం, వరద తగులుతుందా లేదా అన్నవి చేరాలి. ఆ డబ్బు ఏప్రిల్‌లో, అంటే పని చేయించుకోగలిగిన నెలలో హెడ్మాస్టరు చేతికి అందాలి. డిసెంబరులో వచ్చిన డబ్బు జూన్ వానను ఆపలేదు.

వరద మాటెత్తాను గనుక అదీ చెబుతాను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల గోదావరి దిగింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను నేలమట్టం చేసింది. 2022 జులైలో మళ్లీ 25 లక్షలు దాటింది, యలమంచిలి మండలంలో లంకలు మునిగాయి. అలాంటప్పుడు మెరక మీదున్న బడే జనానికి దిక్కు. వందల మంది అక్కడే వండుకుంటారు, పడుకుంటారు. అలాగే ఉండాలి కూడా, ఊరి బడి ఊరిని కాచుకోవాలి. కానీ జనం ఇళ్లకు వెళ్లాక దొడ్లు నిండిపోయి, బల్లలు విరిగి, గదులు వాసన కొడుతూ మిగిలిన బడిని శుభ్రం చేసే పద్దు ఎవరిది? సహాయ శిబిరానికి బియ్యం, పాలపొడి మంజూరు చేసే ఉత్తర్వులోనే, శిబిరం ఎత్తేశాక బడిని మళ్లీ బడి చేసే ఖర్చూ ఉండాలి.

పడిపోయిన బడుల గురించి ఎక్కువ చెప్పను. 2004 జులై 16న కుంభకోణంలో బడి తగలబడి 94 మంది పిల్లలు పోయారు. ఆ దుర్ఘటనతో మొదలైన విచారణలో 2009లో సుప్రీంకోర్టు, క్షేమంగా ఉన్న బడిలో చదువుకోవడం కూడా చదువుకునే హక్కులో భాగమేనని చెప్పింది. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో వానలకు తడిసిన బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అది జులై నెల, బడి నడుస్తున్న వేళ.

తల్లిదండ్రులు ఇప్పుడు బడికి వస్తున్నారు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి కూర్చున్నారు. మంచి పని. అలాంటి సమావేశం ఒకటి ఏప్రిల్‌లో, బడులు మూసే ముందు కూడా జరగాలి. అందులో మార్కుల మాట కాసేపు పక్కనబెట్టి అందరూ లేచి బడి చుట్టూ ఒకసారి తిరగాలి. శ్లాబు మీద తూములు తెరిచి ఉన్నాయా. బీట మీద పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేస్తే, వచ్చే ఏడాదికి ఎంత జరిగిందో కళ్లకు కనబడుతుంది. దొడ్డి ట్యాంకులో నీళ్లు ఎక్కుతున్నాయా. ఆడపిల్లల దొడ్డి తలుపుకు లోపలి గడియ ఉందా. ఊరిలో మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు ఆ బడి పిల్లల తండ్రులే. వాళ్లు ఒక్క చూపులో చెప్పగలిగింది కాగితాల మీద తిరగడానికి నెలలు పడుతుంది.

కొత్త గది కట్టే చోట ఒక మాట పట్టుబట్టండి. పునాది ఎత్తును బడి నేల నుంచి కొలవనివ్వకండి. ముందున్న రోడ్డు నడిమధ్య నుంచి కొలవమనండి. ఆ రోడ్డు ఇంకో రెండు పొరలు లేస్తుందని లెక్కలో వేయమనండి. ఊరిలో పెద్దవాళ్లను పిలిచి, ఎనభై ఆరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపించమనండి. వాళ్లకు గుర్తుంటుంది, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ కొలతలు రెండూ తీసుకున్నాకే ముగ్గు పోయించండి.